బాట పక్కనే ఆగిపోకుండా: ప్రభుత్వ భూముల్లో సర్వే స్థలాలను పటం మీద ఎంచుకోవడం

కొన్నేళ్ల క్రితం ఒక వృక్షజాతుల సర్వే ముగిశాక, మేము నమోదు చేసిన పాయింట్లన్నింటినీ మొదటిసారి ఒకే పటం మీద వేసి చూశాను. రోజుల తరబడి అడవిలో తిరిగాం కాబట్టి ఆ భూభాగమంతా మాకు తెలిసిపోయిందన్న నమ్మకంతో ఉన్న నాకు, తెర మీద కనిపించింది వేరు. మూడొంతులకు పైగా పాయింట్లు వాహనాలు వెళ్లే బాటకు కూతవేటు దూరంలోనే, దండకు గుచ్చినట్టు బాట వెంబడి వరుసకట్టి ఉన్నాయి. బాట అంచున వెలుతురు ఎక్కువగా పడుతుంది, నేల ఎక్కువగా కదులుతుంది, బయటి నుంచి వచ్చే కలుపు విత్తనాలు చక్రాలకు అంటుకుని వచ్చి అక్కడే మొలుస్తాయి. మేము ఆ అడవి గురించి రాసిన నివేదిక నిజానికి దాని బాట అంచుల గురించి రాసిన నివేదికగా మిగిలిపోయింది. ఎక్కడ నిలబడి కొలవాలన్న నిర్ణయాన్ని ఆనాటి నుంచి నేను కాళ్లకు వదలడం మానేశాను. బయలుదేరక ముందే పటం మీద ఆ నిర్ణయం తీసుకుని, దాన్ని ఎందుకు అలా తీసుకున్నానో కూడా రాసి పెట్టుకుంటున్నాను.

ఈ పనికి నేను వాడేది క్యూజీఐఎస్. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. అయితే ఇక్కడ చెప్పబోయేది ఏ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌కైనా వర్తిస్తుంది, ఎందుకంటే పొరపాట్లు మెనూల్లో కంటే మన ఆలోచనలోనే ఎక్కువగా జరుగుతాయి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, చివరికి మనం ఏ భూమి గురించి మాట్లాడబోతున్నాం అన్నది. ఒక రక్షిత ప్రాంతం మొత్తం గురించా, అందులోని గడ్డిభూముల గురించి మాత్రమేనా, లేక వాగులకు ఇరువైపులా ఉన్న తడినేల గురించా అన్నది ఒక్క వాక్యంలో రాయలేకపోతే, సాఫ్ట్‌వేర్ తెరవడం తొందరపాటే అవుతుంది. ఆ వాక్యం తేలాక దాన్ని పటం మీద ఒక పాలిగాన్‌గా, అంటే మూసిన హద్దు గీతగా, మార్చాలి. చూడటానికి సులువుగా కనిపించే ఈ మెట్టు దగ్గరే ప్రభుత్వ భూమికి సంబంధించిన చిక్కులన్నీ ఉంటాయి.

పటంలో ఒకే రంగుతో నిండుగా కనిపించే ప్రభుత్వ భూమి నేల మీద అంత నిండుగా ఉండదు. దాని నడుమ చిన్న చిన్న పట్టా భూములు, పాత గుత్తలు, ఊళ్లు, విద్యుత్ లైన్ల కోసం కేటాయించిన పట్టీలు ఉంటాయి. సాధారణ సరిహద్దు లేయర్లు (పటం మీద ఒకదానిపై ఒకటి పరిచే డేటా పొరలు) ఈ ఖాళీలను చాలాసార్లు చూపించవు. ప్రపంచవ్యాప్తంగా రక్షిత ప్రాంతాల హద్దులను ఒకచోట చేర్చే డేటాబేస్ ఉంది, అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ హద్దులు దొరుకుతాయి. మొదటి అంచనాకు రెండూ పనికొస్తాయి. కానీ ఒక పాయింట్ ఎవరి భూమిలో పడిందో తేల్చడానికి ఆ భూమిని నిర్వహించే శాఖ దగ్గరున్న రికార్డే ఆధారం కావాలి. ఒకసారి నా పాయింట్లలో ఒకటి లేయర్ ప్రకారం హద్దుకు చాలా లోపల ఉంది. తీరా వెళ్లి చూస్తే అక్కడ చక్కగా దున్నిన పొలం, దాని చుట్టూ కంచె, కంచె దగ్గర నిలబడి మమ్మల్ని ఎవరని అడుగుతున్న ఆ పొలం యజమాని. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. అడిగి తెలుసుకోవలసిన పని మేము ముందే చేయకపోవడం తప్పు.

హద్దు గీతకు కూడా ఒక మందం ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. 1:50,000 స్కేలు ఉన్న కాగితపు పటం మీద అర మిల్లీమీటరు మందంగా గీసిన గీత నేల మీద 25 మీటర్లతో సమానం. ఆ పటాన్ని స్కాన్ చేసి, గీత మీదుగా మౌస్‌తో మళ్లీ గీసి తయారుచేసిన లేయర్‌ను మనం ఎంత దగ్గరికి జూమ్ చేసి చూసినా ఆ 25 మీటర్ల అనిశ్చితి ఎక్కడికీ పోదు. గీత మాత్రం సన్నగా, ఎంతో నమ్మకంగా కనిపిస్తుంది. అందుకే హద్దుకు లోపలి వైపు కనీసం 50 మీటర్లు వదిలేసి, మిగిలిన భాగంలోనే పాయింట్లు వేస్తాను. దీనివల్ల అంచు ప్రాంతం సర్వేకు అందకుండా పోతుంది కాబట్టి, ఆ పట్టీ విస్తీర్ణం ఎంతో కొలిచి నివేదికలో చెబుతాను.

ఈ 50 మీటర్ల దగ్గరే నాకు స్థానాలను అంకెల్లో చెప్పే నిర్దేశాంక వ్యవస్థల పాఠం ఒంటబట్టింది. హద్దును లోపలికో బయటికో జరిపే బఫర్ టూల్ తెరిచి, దూరం గడిలో మైనస్ 50 అని కొట్టి రన్ చేశాను. వచ్చిన లేయర్‌లో ఏమీ లేదు. ఫైలు పాడైందేమోనని మళ్లీ దించుకున్నాను, మళ్లీ ఖాళీయే వచ్చింది. మూడోసారి చూసినప్పుడు గానీ దూరం గడి పక్కన డిగ్రీలు అన్న మాట నా కంటపడలేదు. ఆ లేయర్ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అక్షాంశ రేఖాంశాల్లో ఉంది. నేను ఆ అడవిని అన్ని వైపుల నుంచీ 50 డిగ్రీలు, అంటే వేల కిలోమీటర్లు కుదించమని అడిగాను, సాఫ్ట్‌వేర్ ఆ మాట పాటించింది. ఫలితం ఖాళీగా వచ్చింది కాబట్టి పొరపాటు బయటపడింది. ఇదే పొరపాటు చిన్న అంకెలతో జరిగితే ఎవరి కంటా పడకుండా నివేదిక దాకా వెళ్లిపోతుంది.

ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు ఉంటుంది. ఒక డిగ్రీ రేఖాంశం మాత్రం భూమధ్యరేఖ దగ్గర అంతే ఉన్నా, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ తగ్గుతూ 60 డిగ్రీల అక్షాంశం దగ్గర దాదాపు సగమవుతుంది. అందువల్ల డిగ్రీల్లో గీసిన గ్రిడ్ గడులు నేల మీద చతురస్రాలుగా ఉండవు. వెబ్ పటాలు వాడే మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో (ప్రొజెక్షన్ అంటే గుండ్రని భూమిని చదును పటంగా పరిచే పద్ధతి) మీటర్లు అని కనిపించినా అవి నమ్మదగిన మీటర్లు కావు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో ప్రతి దూరం రెట్టింపుగా, ప్రతి విస్తీర్ణం నాలుగు రెట్లుగా కనిపిస్తుంది. ఖాళీ ప్రాజెక్టులో ముందుగా నేపథ్య పటాన్ని చేర్చితే ప్రాజెక్టు ఆ ప్రొజెక్షన్‌లోకే మారిపోతుంది, మనం గమనించం. అందుకే నేను మొదటి పనిగా అన్ని లేయర్లనూ ఆ ప్రాంతానికి తగిన యూటీఎం జోన్‌లోకి మార్చి భద్రపరుస్తాను. భూగోళాన్ని ఆరేసి డిగ్రీల వెడల్పున 60 జోన్లుగా విభజించిన ఈ పద్ధతిలో దూరాల తేడా చాలా స్వల్పం. జోన్ మధ్యరేఖ దగ్గర కిలోమీటరుకు 40 సెంటీమీటర్లు మాత్రమే కాబట్టి మన సర్వేకు అది లెక్కలోకి రాదు. సర్వే ప్రాంతం రెండు జోన్ల మీద పడితే మాత్రం, రెండిటికీ కలిపి ఒక సమవిస్తీర్ణ ప్రొజెక్షన్ ఎంచుకోవడం మేలు.

తరువాత ఎత్తుపల్లాల లేయర్. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో కొలిచిన ఎత్తులు, 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి 56 డిగ్రీల దక్షిణ అక్షాంశం వరకు, దాదాపు 30 మీటర్ల పిక్సెల్‌తో (ఒక్కో గడికి ఒక ఎత్తు) ఉచితంగా దొరుకుతున్నాయి. ఎస్ఆర్‌టీఎం అని పిలిచే ఈ డేటాతో వాలు లెక్కించడం రెండు క్లిక్కుల పని. ఆ వాలును ఎంతవరకు నమ్మాలన్నదే ముఖ్యం. 10 మీటర్ల ఎత్తున నిలువుగా తెగిన ఒక కొండచరియను ఊహించండి. 30 మీటర్ల పిక్సెళ్లలో వాలును లెక్కించేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక గడికి అటూ ఇటూ ఉన్న గడుల ఎత్తులను పోలుస్తుంది, అంటే 60 మీటర్ల దూరంలో 10 మీటర్ల తేడా చూస్తుంది. అప్పుడు ఆ నిలువు చరియ పటం మీద 9 లేదా 10 డిగ్రీల వాలుగా, సులభంగా ఎక్కగలిగే నేలగా కనిపిస్తుంది. పైగా దట్టమైన అడవిలో ఆ రాడార్ కొలిచింది నేల ఎత్తును కాదు, ఆకుల గుబురులో ఎక్కడో ఒక ఎత్తును. కాబట్టి వాలు లేయర్ ప్రమాదకరం అని చూపిన చోటికి వెళ్లకూడదు, ప్రమాదం లేదని చూపిన చోటికి జాగ్రత్తగా వెళ్లాలి.

ఉపగ్రహ చిత్రాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 10 మీటర్ల స్పష్టత ఉన్న సెంటినెల్-2 చిత్రాలు చాలా పనులకు సరిపోతాయి. ఒక్కటే జాగ్రత్త: సర్వే ఏ రుతువులో చేస్తామో ఆ రుతువు చిత్రాన్నే చూడాలి. ఎండాకాలపు చిత్రంలో కాలిబాటలా కనిపించింది వానాకాలంలో నిండుగా పారే వాగు కావచ్చు.

ఇక అసలు విషయం, పాయింట్లను ఎలా వేయాలన్నది. నాకు నచ్చిన చోట నేను మౌస్‌తో క్లిక్ చేస్తే, పటం మీద ఉన్నది కూడా నా కాళ్లే. పూర్తిగా యాదృచ్ఛికంగా వేయమంటే సాఫ్ట్‌వేర్ క్షణంలో వేస్తుంది, అందులో పక్షపాతం ఉండదు. కానీ అలా పడిన పాయింట్లు కొన్ని చోట్ల గుంపుకడతాయి, కొన్ని పెద్ద ప్రాంతాలు ఖాళీగా మిగులుతాయి. 40 పాయింట్లు మాత్రమే కొలవగలిగే స్థోమత ఉన్నప్పుడు వాటిలో మూడింటిని ఒకే దిబ్బ మీద పోగొట్టుకోవడం బాధగానే ఉంటుంది. సమాన దూరాల గ్రిడ్ ఈ లోటు తీరుస్తుంది, అయితే నేలకే ఒక లయ ఉన్న చోట, ఉదాహరణకు సమాంతరంగా సాగే ఇసుక దిబ్బలు లేదా వరుసల్లో నాటిన చెట్లు ఉన్న చోట, గ్రిడ్ పాయింట్ల మధ్య దూరం ఆ లయతో కలిసిపోతే పాయింట్లన్నీ దిబ్బల శిఖరాల మీదే పడే అవకాశం ఉంది.

ఈ రెండిటికీ మధ్యేమార్గంగా నేను ఇష్టపడేది స్టీవెన్స్, ఓల్సెన్ అనే గణాంక శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన జీఆర్‌టీఎస్ పద్ధతి. పాయింట్లు యాదృచ్ఛికంగానే పడతాయి, అయినా ప్రాంతమంతటా విస్తరించి ఉంటాయి. గణాంకాల కోసం వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో దీనికి ఎస్‌పీసర్వే అనే ప్యాకేజీ ఉంది. అందులో పాయింట్లు తయారుచేసి క్యూజీఐఎస్‌లోకి తెచ్చుకుంటాను. దీని గొప్పతనం పాయింట్ల వరుస క్రమంలో ఉంది. ఒకటో నంబరు నుంచి వరుసగా ఎన్ని పాయింట్లు తీసుకున్నా అవి ప్రాంతమంతటా చక్కగా పరుచుకుని ఉంటాయి. కాబట్టి 40 కావలసిన చోట 60 వేయించుకుంటాను. పన్నెండో పాయింట్ నీళ్లలో పడి వదిలేయాల్సి వస్తే దానికి దగ్గర్లో మరో చోటు వెతకను, వరుసలో తరువాతి అదనపు పాయింట్‌ను, అంటే 41వ దాన్ని, చేర్చుకుంటాను. వాన వచ్చి సర్వే 28వ పాయింట్ దగ్గర ఆగిపోయినా, నంబర్ల వరుసలోనే వెళ్లి ఉంటే చేతిలో ఉన్న 28 కూడా ఆ ప్రాంతానికి ప్రాతినిధ్యం వహిస్తాయి. యాదృచ్ఛిక సంఖ్యలకు వాడిన సీడ్‌ను, అంటే వాటిని మొదలుపెట్టే సంఖ్యను, తప్పకుండా రాసి పెట్టుకోవాలి. అది ఉంటే ఎవరైనా అవే పాయింట్లను మళ్లీ తయారుచేసి, మనం మధ్యలో వేలు పెట్టలేదని సరిచూసుకోవచ్చు.

దూరపు పాయింట్లకు వెళ్లడానికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ప్రణాళిక కాగితం మీదే మిగులుతుంది. సరళరేఖ దూరం ఇక్కడ మోసం చేస్తుంది. 1993లో భూగోళ శాస్త్రవేత్త వాల్డో టోబ్లర్ ఇచ్చిన నడక సూత్రం ప్రకారం మనిషి చదును నేల మీద గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడుస్తాడు, స్వల్పంగా దిగుడు ఉన్న చోట 6 దాకా వెళతాడు, 30 శాతం ఎగుడులో 1.8 కంటే తక్కువకు పడిపోతాడు. బాట లేని చోట ఈ వేగాన్ని 0.6తో గుణించాలి. అంటే చదును బాట మీద 24 నిమిషాల్లో ముగిసే రెండు కిలోమీటర్లు, బాట లేని ఎగుడు నేలలో దాదాపు రెండు గంటలు తీసుకుంటాయి. వాలు లేయర్ నుంచి ఈ సమయాన్ని లెక్కించి పటం మీద రంగులుగా వేసుకుంటే, ఏ రోజు ఎన్ని పాయింట్లు సాధ్యమో, చీకటి పడేలోగా ఎక్కడి నుంచి వెనుదిరగాలో ముందే తెలుస్తుంది. ఆ అంచనాలో చెట్లపొదలు, బరువు మోసే భుజాలు లెక్కలోకి రావు కాబట్టి, నేను దానికి మరో మూడో వంతు సమయం కలుపుతాను.

ఈ సమయపు లేయర్‌ను పాయింట్లు తగ్గించడానికి గుట్టుచప్పుడు కాకుండా వాడుకోవడం మాత్రం సరికాదు. దూర ప్రాంతంలో తక్కువ పాయింట్లు వేయడం తప్పేమీ కాదు, వేసిన తరువాత లెక్కలో ఆ తేడాను సరిచేయకపోవడం తప్పు. 100 చదరపు కిలోమీటర్ల అడవిలో 20 చదరపు కిలోమీటర్లు బాటకు దగ్గరగా, 80 దూరంగా ఉన్నాయనుకుందాం. దగ్గర భాగంలో 30 పాయింట్లు, దూర భాగంలో 10 పాయింట్లు కొలిచాం. ఒక కలుపు మొక్క దగ్గరి 30లో 24 చోట్ల, దూరపు 10లో ఒక్క చోట కనిపించింది. నేరుగా కూడితే 40కి 25, అంటే 62.5 శాతం అడవిలో ఆ మొక్క వ్యాపించిందని రాసేస్తాం. విస్తీర్ణాన్ని బట్టి చూస్తే దగ్గర భాగం నుంచి 16 శాతం (20లో 80 శాతం), దూర భాగం నుంచి 8 శాతం (80లో 10 శాతం), కలిపి 24 శాతమే. ఒకే సర్వే, అవే 40 పాయింట్లు, రెండు సమాధానాలు. నా పాత నివేదికలో ఏం జరిగిందో ఈ లెక్క వేసి చూసిన రోజున నాకు పూర్తిగా అర్థమైంది. దూర భాగానికి అసలు వెళ్లలేమనుకుంటే, దాన్ని హద్దులోంచి తీసేసి, మా ఫలితాలు బాటకు ఫలానా దూరంలోపలి నేలకే వర్తిస్తాయని మొదటి పేజీలోనే రాయడం సరైన పని.

పాయింట్లు పడ్డాక ఒక్కొక్కదాన్నీ చిత్రం మీద దగ్గరగా చూసే దశ వస్తుంది. నాకు అత్యంత కష్టమైన దశ ఇదే. ముళ్లపొద మధ్యలో పడ్డ పాయింట్‌ను చూస్తే, 30 మీటర్ల పక్కన కనిపించే శుభ్రమైన గడ్డి వైపు చెయ్యి దానంతట అదే వెళుతుంది. దీన్ని అడ్డుకోవడానికి వదిలేసే నియమాలను పాయింట్లు వేయక ముందే రాసి పెడతాను: 35 డిగ్రీలకు మించిన వాలు, నీరు, గూళ్లు కట్టే కాలంలో మూసివేసిన ప్రాంతం, అనుమతి లేని నేల. ఇవి తప్ప మరే కారణంతోనూ పాయింట్‌ను వదిలేయను. పాయింట్ల పట్టికలో స్థితి అని ఒక కాలమ్, కారణం అని ఇంకో కాలమ్ ఉంటాయి. వదిలేసిన పాయింట్‌ను తుడిచేయకుండా అక్కడే ఉంచి, కారణం నింపుతాను.

అనుమతుల సంగతి ఇక్కడే చెప్పాలి. ప్రభుత్వ భూమి అంటే అందరూ నడవగలిగే భూమి అని అర్థం చేసుకోవచ్చేమో గానీ, అందులో మేకులు దిగ్గొట్టడానికి, మట్టి నమూనా తీయడానికి, మొక్కలు కోయడానికి దాదాపు ఎక్కడైనా విడిగా అనుమతి అవసరం. దరఖాస్తుతో పాటు పాయింట్ల పటాన్ని, ప్రతి పాయింట్ దగ్గర ఏం చేస్తామో, ఎంతసేపు ఉంటామో తెలిపే పట్టికను జతచేస్తే పని సులువవుతుంది. పటం చూసిన క్షేత్ర సిబ్బంది మనకు తెలియని విషయాలు చెబుతారు: ఫలానా వంతెన కొట్టుకుపోయిందని, ఫలానా లోయలో ఈ నెలలో పశువులు మేపుకునేవాళ్లు ఉంటారని. ఈ మాటలు ఏ లేయర్‌లోనూ దొరకవు కాబట్టి వాటికోసం నేను ప్రాజెక్టులో ఒక ప్రత్యేక లేయర్ తయారుచేసుకుంటాను.

క్షేత్రంలోకి పాయింట్లను, లేయర్లన్నీ ఒకే ఫైలులో ఉండే జియోప్యాకేజ్‌గా తీసుకెళతాను. పాత షేప్‌ఫైల్‌లో కాలమ్ పేర్లు పది అక్షరాలకే తెగిపోతాయి, ఒకే లేయర్ నాలుగైదు ఫైళ్లుగా ఉంటుంది కాబట్టి వాటిలో ముఖ్యమైనది ఒకటి తప్పిపోయినా మొత్తం పనికిరాకుండా పోవచ్చు. ఫోన్‌లో క్యూజీఐఎస్ ప్రాజెక్టులను తెరిచే క్యూఫీల్డ్ యాప్, నేపథ్య పటాలు ఇంటర్నెట్ లేకుండా తెరుచుకునేలా ముందే దించినవి, వాటితో పాటు ముద్రించిన కాగితపు పటం ఒకటి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట సుమారు 5 మీటర్ల వరకు సరిగ్గా చూపిస్తుంది, చెట్ల కింద, లోతైన లోయల్లో ఆ తప్పు ఇంకా పెరుగుతుంది. ఈ కొద్ది మీటర్ల తడబాటులోనే మన ఇష్టాయిష్టాలు మళ్లీ దూరతాయి. చుక్క అటూ ఇటూ కదులుతుంటే, నిలబడటానికి బాగున్న చోట ఉన్నప్పుడే వచ్చేశామనిపిస్తుంది. అందుకే మిగిలిన దూరం 10 మీటర్లని ఫోన్ చూపగానే దాన్ని జేబులో పెట్టేసి, దిక్సూచి చూపిన దిశలో ఆ పది మీటర్లూ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఆఖరి అడుగు ఎక్కడ పడితే అక్కడే కొలత ప్లాట్‌ను గుర్తించే మేకు దించుతాను. అనుకున్న స్థానం, నిజంగా నిలబడ్డ స్థానం రెండిటినీ వేర్వేరు కాలమ్‌లలో నమోదు చేస్తాను.

అరుదైన జాతి ఏదైనా దొరికితే దాని స్థానాన్ని బయటి పటాల్లో ఉన్నదున్నట్టు ఇవ్వను. డిగ్రీల్లో దశాంశం తరువాత రెండు అంకెలే ఉంచితే స్థానం దాదాపు కిలోమీటరు మేర మసకబారుతుంది, ఐదు అంకెలు ఉంచితే మొక్క మొదలు దాకా దారి చూపినట్టే. పూర్తి అంకెలు భూమిని నిర్వహించే శాఖకు మాత్రమే అందజేస్తాను.

తిరిగి వచ్చాక నేను మొదట తెరిచేది కారణాల కాలమ్. కిందటి సర్వేలో చేరుకోలేకపోయిన పాయింట్లను ఎర్రరంగులో వేసి చూస్తే, ఏడింటిలో ఆరు ఒకే వాగుకు అవతలి వైపు, ఉత్తరానికి తిరిగిన వాలు మీద ఉన్నాయి. వాటి స్థానంలో చేర్చుకున్న అదనపు పాయింట్లలో ఒక్కటి కూడా ఆ వాలు మీద పడలేదు. నీడగా, తడిగా ఉండే ఆ వాలు మా లెక్కలో లేదని నివేదికలో రాశాను. వచ్చే సర్వేకు ఆ వాలును విడి భాగంగా గీసి, దానికి ఎనిమిది పాయింట్లు కేటాయించి, వాగులో నీరు తగ్గే నెలకు అక్కడి నాలుగు రోజుల పని మార్చి పెట్టాను.